మితభాషులు – సభాభాషణము

(ఖరగ్‌పూరు తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



ఖరగ్‌పూరునకు మాటల కరవు ఎన్నడును లేదు. స్టేషను వెలుపలికి వచ్చి గోల్‌బజారు దాక నడచినచో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా అను నాలుగు భాషలును ఒక్క కూరల బేరములోనే వినవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బెంగాలు నాగపూరు రైల్వే పనులకై తరలివచ్చిన కుటుంబములు తరతరములుగా ఇచ్చట కాపురముండి, ఇంట తెలుగును, వీధిలో బెంగాలీని, కర్మాగారమున హిందీని తడుముకొనక మాటలాడుచున్నవి. అయినను సభ జరిగినపుడు చూడుడు. వేదికపై మాటలాడువారు ఏటేట ఆ నలుగురే. తక్కినవారు వెనుక వరుస కుర్చీలలో కూర్చుండి, వక్త పొరబడినపుడు ప్రక్కవారి చెవిలో సరిదిద్ది, సభ ముగిసి ఇంటికి పోవు త్రోవలో అసలైన ఉపన్యాసము చేయుదురు. ఆ త్రోవ ఉపన్యాసము పెక్కుమారులు వేదికమీది దానికంటె మేలుగా నుండును.

ఈ ప్రసంగము ఆ వెనుక వరుసవారిని గూర్చినది. వారు మాటలాడకపోవుటచే నష్టమేమి యని అడుగవచ్చును. నష్టము కలదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికార భాషాస్థాయి నీయ నిర్ణయించెను. ఖరగ్‌పూరు తెలుగువారు చాలకాలముగా చేసిన విన్నపములు దానికి మూలము. కాని ఇట్టి నిర్ణయము కాగితముపై నుండుట వేరు, దానిని వాడుకొనుట వేరు. కార్యాలయమునకు పోయి ఇది మాకు కావలెనని నిలిచి చెప్పువారు, పిల్లలకు తెలుగు చదువు ఏల అవసరమో ఇరుగుపొరుగువారికి విప్పి చెప్పువారు ఉండవలెను. ఆ పని నలుగురు వక్తలకే విడిచినచో, వారు బదిలీయై వెళ్లిన నాడో, పదవీ విరమణ చేసిన నాడో, ఊరంతయు మూగవోవును. పైగా ఆ నలుగురి అభిప్రాయమే ఊరి అభిప్రాయమని పై అధికారులు నమ్ముదురు. తప్పు వారిది కాదు. రెండవ అభిప్రాయము వారి చెవిని పడనే లేదు.

మితభాషి మాటరానివాడు కాడు. దీనికి రైల్వే ఉద్యోగులకు వేరు సాక్ష్యము అక్కరలేదు. రాత్రి డ్యూటీలోనున్న స్టేషను మాస్టరును తలచుకొనుడు. సభలో నోరు విప్పని ఆ మనిషియే తెల్లవార్లు బ్లాకు టెలిఫోనుపై ప్రక్క స్టేషనుతో మాటలాడుచుండును. లైను క్లియరు అడుగును. బండి నంబరు చెప్పును. అవతలివారు చెప్పిన ప్రైవేటు నంబరును మరల పలికి సరిచూచుకొని రిజిస్టరులో కాలముతో సహా వ్రాయును. అక్కడ గొంతు వణకదు, మాట తడబడదు. ఒక్క మాట పొరబడినచో వందల ప్రాణములు పోవునని యెరిగియు ఆయన జంకడు. అట్టివాడు ఇన్‌స్టిట్యూటు హాలులో యాభైమంది తెలిసినవారి యెదుట అధ్యక్షులవారికి వందనములు చెప్పుటకు చెమటలు పట్టించుకొనుట వింత కాదా?

వింత కాదు; కారణమున్నది. టెలిఫోనుపై ఆయనకు చెప్పవలసిన విషయము నిశ్చితము, వినువాడు ఒక్కడు, చెప్పుటకు అవసరము కలదు. వేదికపై ఈ మూడింటికి బదులు ఆయనకు కనబడునది తన రూపమే. తాను ఎట్లు కనబడుచున్నాడో, గొంతు ఎట్లున్నదో, వెనుకనుండి నవ్వుచున్నవారెవరో, ఆ ధ్యాసలో విషయము జారిపోవును. విషయమును, వినువానిని, అవసరమును మరల తెచ్చిపెట్టుకొన్నచో హాలును టెలిఫోనును ఒకటే. ఇది ఊహ కాదు. లోకమెరిగిన ఒక మహాపురుషుని జీవితమున అచ్చముగా ఇట్లే జరిగినది.

గాంధీజీ సిగ్గరి. ఈ సంగతి ఆయన ఆత్మకథ చదివినవారికి తెలిసినదే యైనను, ఆ సిగ్గు ఎంతకాలము ఆయనను వెంటాడెనో చాలమంది గమనింపరు. 1888లో ఇంగ్లండునకు బయలుదేరునపుడు రాజకోటలో చదువుకొన్న పాఠశాలవారు వీడ్కోలు సభ చేసిరి. కృతజ్ఞత తెలుపుటకు నాలుగు మాటలు వ్రాసికొని పోయి, తల తిరుగుచు ఒడలు వణకుచుండగా ఎట్లో చదివి ముగించిరి. లండనులో శాకాహార సంఘపు కార్యవర్గమున సభ్యులై, సమావేశములందు నోరు మెదపక కూర్చుండెడివారు. ఒక సభ్యుని అభిప్రాయములు నచ్చక ఆయనను తొలగింపదలచిన సందర్భమున, అది అన్యాయమని తోచి, తమ వాదమును కాగితముపై వ్రాసికొని వెళ్లిరి. చదువుటకైనను ధైర్యము చాలలేదు. అధ్యక్షులు వేరొకరిచే చదివించిరి. వెంట్నరు అను ఊరిలో కాగితము ఒకపుటకు మించని ప్రసంగమును చదువబోయి చూపు మసకలు క్రమ్మి ఆగిపోగా, వెంటనున్న మిత్రుడు చదివి గట్టెక్కించెను. 1891లో దేశమునకు మరలునపుడు మిత్రులకు విందు చేసి, హాస్యముగా నుండునట్లు ప్రసంగము సిద్ధపరచుకొని లేచి, మొదటి వాక్యము దాటలేక కూర్చుండిరి.

ఆ తరువాత బొంబాయి. బారిస్టరై వచ్చి స్మాల్ కాజు కోర్టులో మొదటి కేసు చేపట్టిరి. రుసుము 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నింపవలసిన వేళ లేచి నిలుచుండిరి, కాని ఒక్క ప్రశ్నయు తోచలేదు. రుసుము తిరిగి యిచ్చి, కేసును మరొక వకీలున కప్పగించి వచ్చివేసిరి. ఇట్టి అనుభవము పిదప మరి యెవరైనను దస్తావేజులు వ్రాయు పనితో తృప్తి పడి యుందురు. నిజమునకు ఆయనయు కొంతకాలము రాజకోటలో అర్జీలు వ్రాసి జీవించిరి.

1893లో దక్షిణాఫ్రికాకు పోయిరి. మొదటి తరగతి టికెట్టు చేతనుండగా పీటర్‌మారిట్స్‌బర్గు స్టేషనులో బండినుండి దింపివేయబడి, చలిలో రాత్రి గడిపిన కథ రైల్వేవారికి మరల చెప్పనక్కరలేదు. చెప్పవలసినది దాని తరువాతి కథ. ప్రిటోరియా చేరి, అక్కడి భారతీయ వర్తకులను ఒక యింట సమావేశపరచి, తమ జీవితములో మొదటి బహిరంగ ప్రసంగము చేసిరి. వ్యాపారమున సత్యమును పాటింపవలెననియు, పరిశుభ్రత కావలెననియు, భారతీయులందరు కూడి ఒక సంఘముగా నేర్పడి తమ కష్టములను అధికారులకు తెలుపవలెననియు చెప్పిరి. ఈమారు గొంతు పోలేదు, చూపు మసకబారలేదు. రెండేండ్లలో మనిషి మారిపోయెనా? లేదు. లండను విందులో ఆయనకు చెప్పవలసిన విషయమే లేదు. నవ్వించి మెప్పించుటయే పని. ప్రిటోరియాలో విషయమున్నది, దానిని ముందుగా చక్కగా ఆలోచించి సిద్ధపరచుకొన్నారు, వినువారికి అది అవసరమైనది. మెప్పు ప్రసక్తి రాలేదు. అంతటితో ఊరకుండక, ఇంగ్లీషు నేర్చుకొనదలచినవారికి నేర్పెదనని చెప్పగా ముగ్గురు ముందుకు వచ్చిరి: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారు. రైల్వే అధికారులతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, చక్కని దుస్తులు ధరించిన భారతీయులకు మొదటి, రెండవ తరగతి టికెట్లు ఇత్తుమను జవాబును సంపాదించిరి. దుస్తులు చక్కనివా కావా అని తేల్చువాడు మరల స్టేషను మాస్టరే కదా అని ఆయనకు అసంతృప్తి మిగిలెననుట వేరు మాట.

ఇంతటితో సిగ్గు తీరిపోయెనని తలచినచో పొరపాటు. 1901 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసునకు దక్షిణాఫ్రికా తీర్మానముతో వచ్చినపుడు గాంధీజీకి 32 ఏండ్లు. అప్పటికే నేటాలులో ఎన్నో సభలు నడపియుండిరి. సర్ ఫిరోజిషా మెహతా ప్రయాణము చేయుచున్న ప్రత్యేకపు పెట్టెలో ఒక స్టేషను మొదలు మరొక స్టేషను వరకు కూర్చుండి మాటలాడుటకు అనుమతి దొరకెను. కలకత్తాలో విషయనిర్ణయ సభ రాత్రి పొద్దుపోవువరకు జరిగెను. అందరును ఇండ్లకు పోవు తొందరలోనున్నారు. లేచి అడుగుటకు ధైర్యము చాలక, గోఖలేగారి కుర్చీ దగ్గరకు పోయి, తమ తీర్మానమును గూర్చి ఏమైన చేయుడని చెవిలో చెప్పిరి. గోఖలేగారు అందుకొనగా తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గినది. ఒక గుసగుస చేసిన పని అది! గుసగుస చేయుటకు తగిన చెవి నెరిగియుండుటయు ఒక విద్యయే.

మరునాడు మహాసభలో ఆ తీర్మానమును ప్రవేశపెట్టుటకు వణకుచునే నిలిచిరి. ఐదు నిమిషములు గడువు. ఆ గడువు ముగియకమున్నె గంట మ్రోగినది. అది ఇక రెండు నిమిషములే మిగిలినవని తెలుపు హెచ్చరిక గంట. ఆ మర్యాద ఆయనకు ఎవరును ముందుగా చెప్పలేదు. గంట వినగానే మాట ఆపి కూర్చుండిరి, మనస్సు నొచ్చుకొనిరి. అప్పటి ఆ సభలోనివారిలో ఎంతమందికి ఈ మితభాషి పేరు జ్ఞాపకముండెనో! తరువాతి కాలమున ఆయన తన బిడియమును వదిలించుకొనవలసిన దోషముగా గాక, మాటలను పొదుపుగా వాడుట నేర్పిన మేలుగా చెప్పుకొనిరి. ఆయన సభలందు గొంతు పెంచి గర్జించిన వక్త కారు. మెల్లగా, చిన్న వాక్యములలో, ఇంటిలో మాటలాడినట్లు మాటలాడిరి. లక్షలమంది చెవియొగ్గి వినిరి.

ఈ ఊరి సంగతి వచ్చునపుడు వరాహగిరి వేంకటగిరిగారి పేరు రాక తప్పదు. బరంపురములో పుట్టి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, ఆ పిమ్మట రైల్వే కార్మికుల నాయకుడై, 1927లో ఖరగ్‌పూరు కర్మాగారపు పోరాటములందు బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల పక్షమున నిలిచినవారు ఆయన. తుదకు 1969లో రాష్ట్రపతి యైరి. మితభాషులు తమను తాము ఇట్టివారితో పోల్చుకొని, అట్లు మాటలాడలేము గనుక మాటలాడనే కూడదని నిశ్చయించుకొందురు. ఇది తగని లెక్క. సమ్మె నడచుటకు వేదికపై ఒకరుండిన చాలును. కాని షాపులో, క్వార్టర్సులో, టీ దుకాణమువద్ద విషయమును తోటివారికి వారివారి భాషలో విడమరచి చెప్పువారు వందలమంది లేనిదే సమ్మె ఒక్కనాడును నిలువదు. ఆ వందలమందిలో వక్తలెందరు? ఐదుగురికి చెప్పగలవాడు ఏబదిమందికి చెప్పగలడు. నడుమనున్నది అలవాటు మాత్రమే.

ఆలస్యముగా మొదలుపెట్టినవారి మాట యింకను మిగిలియున్నది. ముప్పది యేండ్లు ఫైళ్లలో తల దూర్చి, ఇక పదవీ విరమణకు దగ్గరైన వేళ ఈ క్రొత్త విద్య ఏలయని కొందరి సందేహము. వారు పర్లాకిమిడి వైపు ఒకమారు చూడవలెను. ఒకప్పుడు నౌపడాలో దిగి చిన్న గేజి బండి యెక్కి చేరుచుండిన ఊరది. ఆ లైటు రైల్వే 1900లో మొదలై, బెంగాలు నాగపూరు రైల్వే యాజమాన్యమునకు వచ్చినది. ఆ ఊరి పాఠశాలలో గిడుగు వేంకట రామమూర్తిగారు ఉపాధ్యాయులు. 1863లో జన్మించిరి. చిన్ననాటనే తండ్రి పోగా కుటుంబ భారము మోసిరి. బడి పని ముగించి కొండలలోని సవరల భాష నేర్చుకొనుట ఆయన వ్యసనము. ఆ తిరుగుటలో మలేరియా పట్టినది. క్వినైను వాడుటచే చెవుడు వచ్చినది. ఇట్లు నలుబది దాటిన వయస్సున, చెవులు వినబడని స్థితిలో, వాడుకభాషలో చదువు చెప్పవలెనను వాదమును భుజమున వేసికొని ఆయన సభల వెంట తిరుగసాగిరి. ఉద్యోగ విరమణానంతరము ఇదియే వృత్తియైనది.

చెవిటి వక్త పాట్లు ఊహింపుడు. ఎదుటివారు నవ్విరో, ఆక్షేపించిరో వినబడదు. తన గొంతు హెచ్చెనో తగ్గెనో తెలియదు. ఎదిరి పక్షమున ఉద్దండ పండితులు. ఆయన బలమంతయు ముందుగా చేసిన పరిశ్రమ. పూర్వ కావ్యములు, శాసనములు, వ్యాకరణములు తిరుగవేసి, ఏ ప్రయోగము ఎక్కడ నున్నదో గుర్తించి పెట్టుకొనెడివారు. 1925లో తణుకున జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు గ్రంథ ప్రయోగములనే యెత్తిచూపుచు ప్రసంగించి సభను ఒప్పించిరి. అప్పటికి ఆయనకు 60 దాటినవి. సవర భాషను గూర్చిన ఆయన ఇంగ్లీషు గ్రంథము 1931లో వెలువడినది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికా సంపాదకుల యెదుట తుది విన్నపము వినిపించి, ఆ నెల 22న కన్నుమూసిరి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది. (ఈ ప్రసంగము గ్రాంథికపు ఛాయలో నుండుట చూచినచో ఆయన ఊరకుండెడివారు కారు. అయినను ఇట్టి సంచికలకు ఈ వేషము అలవాటైనది.)

ఇక ఆచరణకు వత్తము. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాంటా ఆనా అను ఊరిలో 1924లో రాల్ఫ్ స్మెడ్లీ అనునాయన టోస్ట్‌మాస్టర్సు సంఘమును ప్రారంభించెను. అందలి కిటుకు పెద్దదేమియు కాదు. సభ్యులు వరుసగా కొద్ది నిమిషములు మాటలాడుదురు, తోటివారు విని మంచిచెడ్డలు స్నేహముగా చెప్పుదురు, మరుసటిమారు మరల మాటలాడుదురు. ఈ పని ఖరగ్‌పూరులో జరుగుటకు అమెరికానుండి ఎవరును రానక్కరలేదు. నెలకొక సాయంకాలము, పదిమంది, ఒక గది చాలును. స్త్రీలకు వేరుగా పెట్టినను మేలే. దసరా బొమ్మల కొలువునకు పేరంటాండ్రను పిలిచి, వచ్చినవారందరికి బొమ్మల కథలు గడగడ చెప్పు ఇల్లాలు, మైకు చూడగానే తన చెల్లెలిని ముందునకు త్రోయుట అందరు ఎరిగినదే. కొలువు ముందు చెప్పిన కథనే ఆ గదిలో నిలిచి చెప్పుమనిన చాలును.

వణకును గూర్చి ఒక మాట. గుండె వేగము, అరచేతి చెమట, నోరు ఎండుట – ఇవి పిరికితనపు గుర్తులు కావు. అపాయమున్నదని తలచి దేహము అడ్రినలిను అను ద్రవమును రక్తములోనికి విడుచును; పరుగెత్తుటకో పోరాడుటకో అది దేహమును సన్నద్ధము చేయును. నిలిచి మాటలాడుచుండగా కొంతసేపటికి అది సాధారణముగా తగ్గుముఖము పట్టును. కనుక మొదటి రెండు నిమిషములు గడుచుటయే కష్టము. ఆ రెండు నిమిషములకు మొదటి నాలుగు వాక్యములు కంఠస్థము చేసికొనవలెను. తక్కినది గుర్తులుగా వ్రాసికొన్న చాలును. పలుచని కాగితము చేతిలో వణకి వక్త గుట్టు బయటపెట్టును, అట్టముక్క వణకదు. హాలునంతటిని చూడనక్కరలేదు. తల ఊపుచు వినువారు ప్రతి సభలోను ఇద్దరు ముగ్గురుందురు, వారితో మాటలాడవలెను. పద్యము పాడి మొదలుపెట్టవలెనను ఆచారమున్నది గాని, పాడలేనివారికి అది ఉరిత్రాడు. ముక్కుసూటిగా విషయముతో మొదలిడుటయే మంచిది.

మొదటి అవకాశముగా వందన సమర్పణ శ్రేష్ఠము. చిన్నది, అందరును ఇంటికి పోదలచి వక్త తప్పులు వెదకని వేళ వచ్చునది. దానిలోనే ఒక నిజమైన మాట చేర్చవలెను. కుర్చీలు మోసిన కుర్రవానిని, దీపాలు చూచిన ఎలక్ట్రిక్ షాపు మనిషిని పేరుపెట్టి తలచుకొన్నచో హాలు తిరిగి చూచును. మితభాషులకు ఇది చక్కగా చేతనగును. ఏలయన సభ జరిగినంతసేపు వారు మాటలాడక, ఎవరేమి చేయుచున్నారో చూచుచునే యుండిరి కదా. రెండవమారు ఐదు నిమిషములు, తాము రోజును చేయు పనిని గూర్చి: పాయింట్సు ఎట్లు మార్చుదురో, బాయిలరు ఎట్లు మరమ్మతు చేసెడివారో, 1,072 మీటర్ల ప్లాట్‌ఫారముపై దారి తప్పిన పిల్లవానిని ఎట్లు వెదకుదురో. ప్రపంచములోకెల్ల పొడవైనదను బిరుదు ఆ ప్లాట్‌ఫారమునకు పోయి చాలకాలమైనది; 2013లో గోరఖ్‌పూరు దానిని దాటెను, ఇప్పుడు హుబ్బళ్లి ముందున్నది. కాని దానిమీద పనిచేసిన మనిషికి తెలిసినది పుస్తకములలో దొరకదు.

ఇక సంఘ కార్యదర్శులకు ఒక విన్నపము. క్రొత్త వక్తను చివర కూర్చుండబెట్టి ఆకలివేళ పిలువకుడు. ముందు వచ్చువారు ఆయన కాలమును తినివేయకుండ చూడుడు. మైకు ఎంత ఎత్తుననుండునో సభకు పూర్వమే నిలిచి చూచుకొననిండు. మొదటి గంట దేనికో, రెండవ గంట దేనికో, వేదిక ఎక్కకముందే ఆయనకు చెప్పియుంచుడు.